కెమెరాను ముఖాల మీంచి గెడ్డ మీదకు తిప్పుదాం

ఏటా సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల హడావిడి మొదలవుతుంది. నేను విజయనగరం జిల్లాలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఆ బల్లల మీదకు ఏమేం వస్తాయో దగ్గర నుంచి చూస్తుంటాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి రిబ్బన్ కేబుల్‌తో తగిలించిన చిన్న కెమెరా ఉన్న ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం చేసే పని ఒక్కటే: క్లాసులోకి వచ్చినవాళ్ళ ముఖం చూసి హాజరు వేయడం. అది కాకపోతే ముఖం చూసి తలుపు తీయడం. అదీ కాకపోతే డ్రైవరు కళ్ళు మూతపడితే బజర్ మోగించడం. ఎటు తిరిగినా కెమెరా మనిషి ముఖం మీదే ఉంటుంది.

ఆ కెమెరాను ముఖాల మీంచి తీసేసి, శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో రాత్రీ పగలూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాల్సిన, కానీ ఎవరూ చూడలేని చోట్ల పెట్టాలి అని నా వాదన. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి. నా దృష్టిలో వాటన్నిటిలోకి ముఖ్యమైనవి గెడ్డల మీది, అంటే కొండ వాగుల మీది కల్వర్టులు.

ముందు ఆ కెమెరా సంగతి చెప్పాలి. రాస్ప్‌బెర్రీ పై మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న వచ్చింది. బ్రిటన్‌లో కేంబ్రిడ్జివాళ్ళు దాన్ని తయారుచేసింది పిల్లలు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో విప్పి చూసుకోవాలని. మరుసటి ఏడాది మే నెలలో కెమెరా వచ్చింది. 5 మెగాపిక్సెళ్ళు, 25 డాలర్లు. 2016 ఏప్రిల్‌లో సోనీ సెన్సర్‌తో 8 మెగాపిక్సెళ్ళది, 2023 జనవరిలో ఆటోఫోకస్ ఉన్న 12 మెగాపిక్సెళ్ళ మూడోది వచ్చాయి. మూడింటికీ విడుదలనాటి ధర అదే 25 డాలర్లు. అంగుళం పొడవు కూడా మించని పచ్చ బోర్డు అది. పెట్టె లేదు, బ్యాటరీ లేదు, తెర లేదు, దానికంటూ ఒక యాప్ లేదు. రిబ్బన్ ద్వారా నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తుంది. సెన్సర్ మీద పడిన వెలుతురును యథాతథంగా తీసుకోవచ్చు. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో, పడిన వెలుతురును ఎంత పెంచి చూపాలో (గెయిన్), ఎన్ని నిమిషాలకోసారి తీయాలో, తీసిన ఫొటోను ఉంచాలో చెరిపేయాలో, అన్నీ మనమే నిర్ణయించుకోవచ్చు.

ఇంత కష్టం ఎందుకు, మెంటాడలో అయినా దొరికే సీసీ కెమెరా తెచ్చి బిగిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. వెయ్యీ రెండు వేలకు వచ్చే ఆ కెమెరా బొమ్మ బాగానే చూపిస్తుంది. కానీ చూపించడంతో దాని పని అయిపోతుంది. ఎవరో ఒకరు ఫోన్ తెరిచి చూస్తేనే దానికి అర్థం. రాత్రి రెండు గంటలకు ఎవరు చూస్తారు? పైగా ఆ బొమ్మ మన ఊరి నుంచి బయల్దేరి ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్ళి మళ్ళీ మన ఫోన్‌కు రావాలి. వాన గట్టిగా పట్టిన రాత్రి మొదట పోయేది నెట్‌వర్కే. మనకు కావలసింది బొమ్మ చూపించే వస్తువు కాదు. ఒక ప్రశ్న అప్పగిస్తే రాత్రంతా ఆ ఒక్క ప్రశ్నే వేసుకుంటూ కూర్చుని, జవాబు మారిన క్షణాన అక్కడికక్కడే చెప్పే వస్తువు కావాలి. బోర్డు పక్కనే ఉన్న కెమెరాతో అది కుదురుతుంది.

ముఖం గుర్తించే హాజరు మీద నాకున్న అభ్యంతరాలు రెండు. మొదటిది పనితనానికి సంబంధించింది. విద్యార్థులు వాడే ప్రోగ్రాములు చాలావరకు 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతితో ముఖాన్ని వెతుకుతాయి. ఎదురుగా, వెలుతురులో నిలబడితే అది దిట్ట. కిటికీ వెనక నుంచి ఎండ పడే క్లాస్‌రూంలో, తల వంచుకుని రాసుకునే పిల్లల మధ్య తడబడుతుంది. ఫోన్‌లో స్నేహితుడి ఫొటో తెరిచి కెమెరా ముందు పెడితే చాలాసార్లు ఆ స్నేహితుడికి హాజరు పడిపోతుంది. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌లకూ ఇబ్బందులు ఉన్నాయి. 2018లో బువొలంవిని, గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు, ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు వ్యాపార సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించారు. తెల్ల రంగు మగవాళ్ళ విషయంలో తప్పులు ఒక శాతం లోపే. నల్లని ఆడవాళ్ళ విషయంలో ఒకదానిలో 34 శాతం దాటాయి. మన ఎండల్లో తిరిగే మన పిల్లల ముఖాల మీద ఇలాంటివాటిని గుడ్డిగా నమ్మి హాజరు తగ్గించేస్తే, ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?

రెండోది ఇంకా పెద్దది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, ముఖం పోతే మార్చుకోలేం. ఒక క్లాసు మొత్తం ముఖాల ఫోల్డర్ ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులో తిరగడం నేను చూశాను. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. డెమో కోసం కావాలన్నారు, ఇచ్చారు, అంతే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అందులో ఒక ముఖ్యమైన నియమం. ప్రాజెక్టు రిపోర్టులో మాత్రం "ఈ వ్యవస్థను పాఠశాలల్లో కూడా అమర్చవచ్చు" అని చివరి పేజీలో రాసేస్తాం. ఎవరి పిల్లల ముఖాలు, ఎవరి అనుమతితో, ఎన్నాళ్ళు దాచుతాం అన్న ప్రశ్న వైవాలో అడగడం నేనింతవరకూ వినలేదు. అడగాలి.

ఇక గెడ్డల దగ్గరకు వద్దాం.

పెద్ద నదులకు కాపలా ఉంది. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి రాయగడ మీదుగా దిగి వచ్చే నాగావళికి తోటపల్లి దగ్గర బ్యారేజీ ఉంది. వంశధారకు గొట్టా బ్యారేజీ ఉంది. కేంద్ర జల సంఘంవాళ్ళు మట్టం చూస్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారో కలెక్టరాఫీసుకు ఫోన్ వస్తుంది, టీవీ కింద స్క్రోలింగ్ వస్తుంది. కానీ సువర్ణముఖి, వేగవతి, చంపావతి, మహేంద్రతనయ లాంటి చిన్న నదుల్లోకి దిగే కొండ వాగులు, మేం గెడ్డలు అనేవి, వాటికి ఎవరున్నారు? సాలూరు, పాచిపెంట, మెంటాడ, సీతంపేట, మందస, ఎటు కొండ వైపు వెళ్ళినా రోడ్డుకు అడ్డంగా ఒక గెడ్డ, దాని మీద పల్లంగా వేసిన ఒక కల్వర్టు. వేసవిలో దాని కింద మేకలు పడుకుంటాయి. వర్షాకాలంలో పైన కొండ మీద రెండు గంటలు వాన దంచితే చాలు, కింద ఊళ్ళో చుక్క పడకపోయినా ఎర్రటి నీళ్ళు రోడ్డు మీంచి పోతాయి.

మెంటాడ వైపు ఒక పెద్దాయన నాతో అన్నమాట ఇది: "కొండ మీద వాన పడితే మాకేటి తెలుస్తాది బాబూ, ఇక్కడ సుక్క పడదు. గెడ్డ వొచ్చీసినాక తెలుస్తాది. అప్పుటికి ఆటో నడిమజ్జిన ఉంటాది."

నడిమధ్యన ఉంటే ఏమవుతుందో లెక్క ఉంది. పారే నీరు అడుగు లోతుంటే చాలు చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులైతే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి అని అమెరికా వాతావరణ శాఖ అక్కడి జనానికి పదే పదే చెప్తుంది. మన ఆటో ఆ కారు కన్నా తేలిక. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుతురులో ఎర్ర నీళ్ళు మోకాలి లోతో నడుం లోతో డ్రైవరుకు అంతుపట్టదు. రోడ్డు అంచు ఎక్కడుందో అసలే కనిపించదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటినప్పుడు గాలి గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఆ వెనకే వచ్చిన వరద ఊళ్ళ మధ్య రోడ్లను ఎక్కడికక్కడ తెంపేసింది.

మా విద్యార్థులు కొందరితో కలిసి ఒక గెడ్డ దగ్గర ఏం చేశామో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మాయ ఏమీ లేదని తెలియాలి. కల్వర్టు పక్కన నీళ్ళలో నిలిచే ఒక సిమెంటు స్తంభం ఉంది. దాని మీద నిలువునా, పది సెంటీమీటర్లకొకటి చొప్పున, లారీల వెనక అంటించే రిఫ్లెక్టర్ టేపు ముక్కలు అడ్డంగా అంటించాం. రోడ్డు మట్టానికి సరిగ్గా సమానంగా ఒక ఎర్ర ముక్క, దాని కింద పసుపు ముక్క, మిగతావన్నీ తెల్లవి. అవతల గట్టు మీద పది మీటర్ల దూరంలో ఇనుప గొట్టానికి ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు. అందులో కెమెరా, బోర్డు. కెమెరాకు ఇచ్చిన ప్రశ్న: ఎన్ని ముక్కలు పైకి కనిపిస్తున్నాయి? నీళ్ళు పెరిగితే కింది ముక్కలు ఒక్కొక్కటే మునుగుతాయి. పసుపు మునిగితే ఊళ్ళో ఇద్దరి ఫోన్లకు మెసేజ్. ఎర్ర ముక్క మునిగితే రోడ్డుకు రెండు వైపులా ఎర్ర దీపం, హూటర్. నెట్‌వర్క్ ఉన్నా లేకపోయినా దీపం వెలుగుతుంది, ఎందుకంటే అది రిలే అనే స్విచ్చు ద్వారా ఆ బోర్డుకే కలిపి ఉంది.

దీనికి ఎంత మంచి కెమెరా కావాలి? ఇక్కడ లెక్క వేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది. 2013 నాటి మొదటి కెమెరా అడ్డంగా 53 డిగ్రీల మేర చూస్తుంది, అడ్డంగా 2592 పిక్సెళ్ళు. పది మీటర్ల దూరంలో దాని చూపు వెడల్పు సుమారు పది మీటర్లు, అంటే ఒక్కో పిక్సెల్‌కు నాలుగు మిల్లీమీటర్లు. రెండో కెమెరాకు పిక్సెళ్ళు 3280, కానీ అది 62 డిగ్రీలు చూస్తుంది, కాబట్టి అదే దూరంలో పన్నెండు మీటర్ల వెడల్పు పడుతుంది. మళ్ళీ పిక్సెల్‌కు నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, అంతే. మెగాపిక్సెళ్ళు అయిదు నుంచి ఎనిమిదికి పెరిగినా స్తంభం మీద మన చూపు దాదాపు ఏమీ పదునెక్కలేదు. మూడో కెమెరాతో మూడు మిల్లీమీటర్లకు దిగుతుంది. పది సెంటీమీటర్ల ఎడం ఉన్న టేపు ముక్కలకు వీటిలో ఏదైనా ఎక్కువే, ఒక్కో ఎడంలో పాతిక పిక్సెళ్ళు పడుతున్నాయి కదా. పాత సెన్సర్‌తో వచ్చే క్లోన్ కెమెరాలు అసలు ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. ఈ లెక్క ఒక కాగితం మీద అయిదు నిమిషాల్లో వేసుకోవచ్చు. అది వేయకుండా ఖరీదైన కెమెరా కొని, "ఎక్కువ మెగాపిక్సెళ్ళు కాబట్టి ఎక్కువ కచ్చితం" అని రిపోర్టులో రాయడం నాకు బాధగా ఉంటుంది.

రాత్రి కోసం ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ లేని రకం కెమెరా వాడాలి. నాయిర్ అనే పేరుతో 2013 చివరి నుంచీ దొరుకుతోంది. కెమెరా పక్కనే ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు బిగిస్తే రిఫ్లెక్టర్ టేపు ఆ వెలుతురును వచ్చిన దారినే వెనక్కు పంపుతుంది. మిగతా గెడ్డంతా చీకటిగా ఉండి స్తంభం మీద ముక్కలు మాత్రం బల్బుల్లా మెరుస్తాయి. మునిగిన ముక్క బురద నీటి కింద మెరవదు. పగలు తీసిన ఫొటోకన్నా రాత్రి ఫొటోలోనే లెక్క సులువు. కొట్టుకొచ్చే కొమ్మ ఒక క్షణం అడ్డం పడుతుంది, అల ఎగిరి ఒక ముక్కను కప్పేస్తుంది. అందుకని నిమిషంలో వరసగా కొన్ని ఫొటోలు తీసి, వచ్చిన లెక్కల్లో మధ్యదాన్ని తీసుకోవాలి. షట్టర్‌ను కాస్త ఎక్కువసేపు తెరిచినా అలలు కలిసిపోయి నీటి గీత నున్నగా వస్తుంది. ఇంతకు మించి ఇందులో ఏ కృత్రిమ మేధా లేదు.

ఆటోఫోకస్ ఉన్న మూడో కెమెరా వాడితే ఒక జాగ్రత్త. రాత్రి పూట అది పది మీటర్ల దూరం వదిలేసి, ముందున్న గాజు మీద పడ్డ వాన చుక్కనో సాలీడు దారాన్నో పట్టుకుంటుంది. ఆటోఫోకస్ ఆపేసి లెన్స్ విలువ మనమే ఇవ్వాలి. దూరం మీటర్లలో ఎంతో దానికి విలోమం అది. పది మీటర్లంటే 0.1. ఒకసారి పెట్టేస్తే ఇక కదలదు.

సాలీడు అన్నాను కాబట్టి దాని గురించి. ఇన్‌ఫ్రారెడ్ దీపాల చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, గూడు సరిగ్గా లెన్స్ ముందు కడుతుంది. ఆ దారం ఎల్ఈడీ వెలుతురులో తెల్లటి చారలా వెలిగిపోయి టేపు ముక్కల మీద పడుతుంది. దీపాన్ని లెన్స్‌కు జానెడు దూరంగా జరిపితే చాలావరకు తగ్గుతుంది. కానీ మరీ దూరం జరిపితే టేపు మెరుపు కెమెరాకు అందదు, ఎందుకంటే అది దీపం ఉన్న వైపే తిరిగి వెళ్తుంది. ఈ రెంటి మధ్య చోటు వెతుక్కోవడం ఏ పుస్తకంలోనూ ఉండదు, గెడ్డ గట్టు మీద కూర్చుంటేనే తెలుస్తుంది. పెట్టె కేబుల్ రంధ్రాల్లోంచి చీమలు, కందిరీగలు దూరతాయి. అక్కడ రబ్బరు గ్లాండ్ తప్పనిసరి. గాజు లోపల ఆవిరి పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు వేయాలి. సముద్రానికి దగ్గరగా, భావనపాడు, బారువ వైపు పెట్టేవాళ్ళు రిబ్బన్ కాంటాక్టులకు ఉప్పు గాలి తగలకుండా ఇంకా గట్టిగా మూయాలి.

గడియారం సంగతి చాలామందికి తట్టదు. రాస్ప్‌బెర్రీ పై 5కు ముందు వచ్చిన బోర్డుల్లో సొంత గడియారం లేదు, ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకుంటాయి. కరెంటు పోయి వచ్చి, నెట్ రాకపోతే, నిన్నటి సాయంత్రం నుంచే లెక్క మొదలుపెడతాయి. వరద ఎన్ని గంటలకు పెరిగిందో తెలియకపోతే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు. డీఎస్3231 అనే చిన్న గడియారం బోర్డు, ఒక నాణెం బ్యాటరీ కలిపితే తీరిపోయే సమస్య. అలాగే మెమరీ కార్డు. రాస్తుండగా కరెంటు పోతే పాడయ్యేది అదే. సిస్టమ్ అంతా రీడ్-ఓన్లీగా, అంటే కార్డు మీద ఏమీ రాయకుండా పెట్టే సదుపాయం రాస్ప్‌బెర్రీ సెట్టింగుల్లోనే ఉంది, వాడాలి. ఇక కరెంటు లైను మీద ఆధారపడే ప్రసక్తే లేదు. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు రాలేదు. చిన్న సోలార్ పలక, 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని అయిదుకు దించే కన్వర్టర్.

దీని మీద నాకు ఎదురైన గట్టి విమర్శ ఒక తోటి లెక్చరర్ నుంచి వచ్చింది. నీటి మట్టానికి కెమెరా ఎందుకు, శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ వంతెన కింద బిగిస్తే వంద రెండొందల్లో అయిపోతుంది కదా అని. ఆయన మాటలో సత్తా ఉంది. వంతెన ఎత్తుగా ఉండి, నీళ్ళ మీద చెత్త లేకుండా ఉంటే నేనూ అదే పెడతాను. కానీ మా గెడ్డల మీది కల్వర్టులు నీళ్ళలో మునిగేవి, సెన్సర్ తానే మునిగిపోతుంది. నురుగు, కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క ఉంటే ప్రతిధ్వని తప్పు చెప్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అల్ట్రాసోనిక్ ఇచ్చేది ఉత్త అంకె. అది తప్పా ఒప్పా అని సందేహం వస్తే తేల్చుకునే దారి లేదు. కెమెరా ఇచ్చే అంకె వెనక ఫొటో ఉంటుంది. రెండుసార్లు హూటర్ ఊరికే మోగితే మూడోసారి ఊరివాళ్ళు వైరు పీకేస్తారు, అది సహజం. ఎందుకు మోగిందో ఫొటో తీసి చూపించగలిగితే పీకరు. కుదిరిన చోట రెండూ పెట్టి, రెండూ ఒప్పుకుంటేనే మోగించడం ఇంకా మేలు.

కెమెరాను మనుషుల మీంచి తిప్పాలన్నవాడివి, రోడ్డు మీద కెమెరా పెడితే వచ్చేపోయేవాళ్ళు పడరా అని కూడా అడగవచ్చు. పడకుండా పెట్టాలి. కెమెరా స్తంభం వైపు, కిందికి వంచి ఉంటుంది. ఆపైన ప్రోగ్రాములో స్తంభం ఉన్న చిన్న నిలువు ముక్క తప్ప మిగతా ఫొటో తీసుకోవడమే లేదు. లెక్క అయ్యాక ఫొటో చెరిగిపోతుంది. హూటర్ మోగినప్పటి ఫొటో ముక్కలు మాత్రం కొన్నాళ్ళు ఉంటాయి. బయటికి వెళ్ళేది ఒక అంకె, ఒక టైము. అంకె కాబట్టి సిగ్నల్ సరిగ్గా లేని చోట కూడా ఎస్ఎంఎస్‌గా వెళ్ళిపోతుంది. 2024 సెప్టెంబరులో 70 డాలర్లకు వచ్చిన ఏఐ కెమెరాలో సెన్సరే లెక్క చేసి ఫలితాన్ని బోర్డుకు అందిస్తుంది. ఫొటో బయటకు రాకుండా జవాబు మాత్రమే రావాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. గెడ్డకు మాత్రం అంత అక్కర్లేదు.

గెడ్డలే కాదు, ఇలా ఒక్క ప్రశ్నతో సరిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. మన తీరంలో జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. పిల్లలు బయటకు వచ్చేది ఎక్కువగా రాత్రిపూట, మామూలు లైటు వేస్తే అవి దారి తప్పుతాయి. ఆ గుడ్లను కాపాడి పొదిగించే హేచరీలో ఇసుక కదిలిందా లేదా అన్నది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో చూడవచ్చు. మొక్కజొన్నలో కత్తెర పురుగు 2018 నుంచి పీడిస్తోంది. లింగాకర్షక బుట్టలో రాత్రి ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టేందుకు రోజూ పొలం వెళ్ళనక్కర్లేదు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరిగే దారి ఏదో తెలిస్తే తెల్లవారుజామున తోటకు వెళ్ళేవాళ్ళకు మేలు, అయితే దానికి అటవీ శాఖ అనుమతి, వాళ్ళ తోడు లేకుండా ఎవరూ తలపెట్టకూడదు.

పలాస జీడిపప్పు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగే రకం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. గుండు, బద్ద, ముక్క అని ఏరేది ఆడవాళ్ళు, గంటల తరబడి తల వంచుకుని. ఇక్కడ కెమెరా పెడదాం అని మా పిల్లలు అన్నప్పుడు నేను అడిగిన ప్రశ్న, అది పప్పును చూస్తుందా, పప్పు ఏరే మనిషిని చూస్తుందా అని. ఎవరు ఎంతసేపు ఖాళీగా కూర్చున్నారో చెప్పే కెమెరా నా చేత్తో కట్టను. ఏరిన పప్పులో రకం సరిగ్గా ఉందో లేదో చూపించి, కూలి లెక్క దగ్గర గొడవ పడాల్సి వస్తే ఆ అమ్మ చేతికి రుజువు ఇచ్చే కెమెరా అయితే కడతాను. బోర్డు అదే, లెన్స్ అదే, రిబ్బన్ అదే. అది ఎటు తిరిగి ఉందన్నదే తేడా.

విద్యార్థులకు ఒక పనికొచ్చే మాట. నెట్‌లో పాత పాఠాలు చూసి రాస్పిస్టిల్ అనే పాత ఫొటో కమాండు కొట్టి, రాకపోతే "కెమెరా పోయింది సార్" అని తెస్తారు. 2021 నవంబరు నుంచి రాస్ప్‌బెర్రీ సిస్టమ్ పాత కెమెరా పద్ధతిని వదిలి లిబ్‌కెమెరా అనే కొత్త పద్ధతికి మారింది, ఆ తర్వాత కమాండ్ల పేర్లు కూడా ఆర్‌పీఐకామ్ అని మారాయి. కెమెరా ఉందా అని అడిగే పాత కమాండు కొత్త సిస్టమ్‌లో "లేదు" అనే చెప్తుంది, కెమెరా బాగానే ఉన్నా. ఇంకొకటి, జీరో బోర్డులకూ రాస్ప్‌బెర్రీ పై 5కూ కెమెరా సాకెట్ సన్నది, 22 పిన్నులది. పెద్ద కేబుల్ 15 పిన్నులది. కొనేముందే సరైన కేబుల్ అడగండి. రిబ్బన్ దూర్చేటప్పుడు లాచ్ నెమ్మదిగా పైకి లేపాలి, బలవంతం చేస్తే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది, దానికి విడి భాగం దొరకదు.

మిగిలింది చూసుకునేవాళ్ళ సంగతి. ప్రాజెక్టు మార్కులు పడ్డాక పిల్లలు హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతారు, గెడ్డ ఇక్కడే ఉంటుంది. అందుకే పెట్టె బిగించే ముందు పంచాయతీలో కాగితం మీద రాసుకోవాలి. రోడ్డు ఎవరిదో ఆ శాఖ ఇంజనీరు దగ్గర అనుమతి తీసుకోవాలి. ఊళ్ళో కరెంటు పని తెలిసిన ఒక కుర్రాడికి తాళం చెవి ఇచ్చి, గాజు తుడవడం, బ్యాటరీ చూడడం, సాలీడు గూడు దులపడం నేర్పాలి. ఆ పనికి నెలకు ఎంతో కొంత ఇవ్వాలి, ఉచితంగా చేయించుకోకూడదు. కాలేజీ తరఫున ఒక మాస్టారు, ప్రతి ఏటా మృగశిర కార్తె ముందు వెళ్ళి, స్తంభం మీద ఎర్ర ముక్కనూ దాని కింది ముక్కలన్నిటినీ మూసి, హూటర్ మోగుతుందో లేదో పరీక్షించి రావాలి. ఈ ఏడాది మా వంతు అయిపోయింది. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు కాలేజీల్లో ఎవరైనా తమ దగ్గరి గెడ్డకు పెట్టాలనుకుంటే, మా ప్రోగ్రాము, టేపు కొలతలు, పెట్టె గీతలు అన్నీ అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇస్తాం.